తీక్యో తుపాకీకి నూనెడబ్బా పేరు

అయినా మీరే చెప్పండి, మీ పిల్లాణ్ణి పక్కింటివాడు చంకనేసుకుని వీధి వీధీ తిప్పుతూ "వీడు ఇటలీవాడండీ, మొన్ననే ఓడ దిగాడు" అంటే మీకు ఒళ్ళు మండదా? మండుతుంది. తీక్యోకీ మండింది. మరి దనావ్ కొండమీదున్న మా సిబాకన్‌లో జనం పొట్టలు పట్టుకుని ఎందుకు నవ్వినట్టు?

పిల్లాడు కాదు లెండి, తుపాకీ. కానీ తీక్యో దగ్గర ఆ తేడా చెప్తే కొట్టేవాడు.

చర్చిలో రాయించిన పేరు యుతీక్యో బటూకన్. పెద్దవాళ్ళకి తీక్యో, చిన్నవాళ్ళకి నొంగ్ తీక్యో, అన్నయ్య అన్నట్టు. పుట్టింది ఎదురుగా కనపడే కమోతెస్ దీవిలో, చేపలు పట్టేవాళ్ళింట్లో. పడవెక్కితే చాలు, పేగులు బయటికొచ్చేలా వాంతులు. సముద్రం పడనివాడు ఇంక చేపలేం పడతాడని తండ్రి విసుక్కుని దనావ్ కొండమీద ఉన్న మేనమామ దగ్గరికి తోలేశాడు. మేనమామ ఇంటి వెనక కొబ్బరాకుల పాక, పాకలో కొలిమి, దాగలి, గోడకి వరసగా ఆకురాళ్ళు. మా కొండమీద ఏ ఇంటి వెనక తొంగిచూసినా ఇదే. ఒకింట్లో గొట్టాలు చేస్తారు, ఒకింట్లో ట్రిగ్గర్లు, ఇంకో ఇంట్లో చెక్క పిడులు. పోలీసులొచ్చి ఇల్లిల్లూ వెతికినా తుపాకీ దొరకదు, ఇనప ముక్కలు దొరుకుతాయి. ఇనప ముక్క ఉండటం నేరం కాదు కదా.

పని నేర్చుకునే రోజుల్లోనే ఒక గొట్టం పేలి తీక్యో ఎడంచేతి ఉంగరపు వేలు మొదలంటా పోయింది. వాడిది ఎడంచేతి వాటం. మేనమామ గుడ్డ చుడుతూ, "ఏడవకు. ఉంగరం పెట్టుకునే వేలే పోయింది, అదీ ఖర్చు తప్పింది" అన్నాడట. అదీ ఆయన ఓదార్పు.

మా వాళ్ళ పనితనం గురించి ఒక్క మాట చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మాది నకళ్ళ ఊరు. బయటినుంచి ఒక శాంపిల్ తుపాకీ వస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు దించాలి. గీత ఉంటే గీత, సొట్ట ఉంటే సొట్ట. ఎందుకుందని అడగకూడదు, అడిగినవాడు పనికిరానివాడు. ఒకసారి ఎవడో రిటైరైన సార్జెంట్ తుపాకీ శాంపిల్‌గా వచ్చింది. పిడి కింద ఆయన పేరు చెక్కి ఉంది. మా వాళ్ళు ఎంతో శ్రద్ధగా ప్రతి తుపాకీకీ ఆ పేరు చెక్కారు. ఆ ఏడు దీవులన్నిటా తిరిగిన తుపాకులన్నీ సార్జెంట్ పోలికార్ప్యో గారివే. పాపం ఆయన్ని ఎన్ని ఠాణాలు పిలిపించాయో.

తీక్యోకి నకళ్ళంటే రోత పుట్టింది. జుట్టు నెరుస్తున్నా ఎవడిదో బుర్ర, ఎవడిదో పేరు, చెయ్యి మాత్రం తనది. పెళ్ళాం తెపింగ్‌తో అనేవాడు, "నేను పోయాక నా వెనక ఏముంటుందే? సార్జెంట్ పోలికార్ప్యో ఉంటాడు."

సంతో తొమాస్ పండగప్పుడు చర్చి గంట ఇరుసు బిగుసుకుపోతే బాగుచెయ్యమని పిలిచారు. పని ముగించి గంటగోపురం మెట్లు దిగుతున్నాడు. చుట్లు చుట్లుగా తిరిగే ఇరుకు మెట్లు. పైన పాటలు పాడే ఆడవాళ్ళు కూడా దిగుతున్నారు. అందరికన్నా లావుపాటావిడ చిట్టచివర ఉంది. ఆవిడ తోస్తుంటే ముందున్న వాళ్ళందరూ చుట్టూ తిరుగుతూ, ఒకరి వెనక ఒకరుగా, కింద ఉన్న చిన్న తలుపులోంచి ఒక్కొక్కరే బయటపడుతున్నారు. తీక్యో ఆ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఆడవాళ్ళు తనని చూస్తున్నాడనుకుని తిట్టారు. వాడు చూసింది తూటాల్ని.

ఆ వేసవంతా పాకలోంచి బయటికి రాలేదు. అన్నంలో ఇనపరజను వస్తోందని తెపింగ్ గోల. వాడు చేసింది చేతిలో పట్టే పిస్తోలే, కానీ దాని వీపుమీద బొప్పాయికాయంత గుండ్రటి గూడు. ఆ గూట్లో తూటాలు గోపురం మెట్లలాగా చుట్లు తిరిగి ఒక్కొక్కటే దిగుతాయి. మళ్ళీ నింపకుండా యాభై. మామూలు పిస్తోలు పది పదిహేనుకి దణ్ణం పెట్టేస్తుంది. వాగులోకి తీసుకెళ్ళి కాల్చి చూశాడు. నొక్కినకొద్దీ పేలుతూనే ఉంది. కొబ్బరి మట్టలన్నీ జల్లెడయ్యాయి.

"చూశావా? అయిపోదే!" అని చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

"దేనికీ ఇన్ని? ఏనుగుల్ని కొడతారా?" అంది తెపింగ్ చెవులు మూసుకుని.

"దేనికైతే ఏం? ఇది ఎవడూ చెయ్యలేదు. నేను చేశాను."

వాడికి కావలసింది ఒక్కటే. దానిమీద తన పేరు. సిగరెట్టు అట్టమీద తెపింగ్ చేత తీక్యో అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయించి, తుపాకీతోపాటు లార్యోకి ఇచ్చాడు. లార్యో మా దగ్గర పేర్లు చెక్కేవాడు. చదువు రాదు, కానీ ఏ అక్షరం చూపించినా ముత్యంలా దించుతాడు. తీక్యో కూతురికి జ్ఞానతండ్రి కూడా వాడే, అందుకని ఇద్దరూ ఒకరినొకరు 'పరే' అని పిలుచుకునేవాళ్ళు.

సరిగ్గా అప్పుడే కమోతెస్‌లో తల్లి పోయిందని కబురొచ్చింది. వెళ్ళాడు. ప్రార్థనలన్నీ అయ్యేదాకా ఉండి పడవెక్కాడు. వాంతులతో పాలిపోయిన మొహంతో దనావ్‌లో దిగి, ఇంటికి కూడా పోకుండా తిన్నగా లార్యో పాకలోకి నడిచాడు.

"ఏది?"

లార్యో తల ఎత్తలేదు. "అమ్మ సంగతి విన్నాను పరే. దేవుడి దగ్గరికి పోయింది. కూర్చో, కల్లు పోస్తాను."

"అమ్మ దేవుడి దగ్గరికి పోయిందని తెలుసు. తుపాకీ ఎక్కడికి పోయింది?"

"కాడ్యో పట్టుకుపోయాడు. మనీలాలో చూపిస్తానన్నాడు." కాడ్యో అంటే మా సరుకు బయట అమ్మిపెట్టే మధ్యవర్తి. నోట్లో ఒక బంగారుపన్ను, చంకలో ఎప్పుడూ ఒక పందెంకోడి.

"పేరు కొట్టావా?"

"కొట్టాను."

"నాదేనా?"

లార్యో ఉలిని గుడ్డలో చుట్టి, తీసి, మళ్ళీ చుట్టాడు. "కాడ్యో ఒప్పుకోలేదు పరే. తీక్యో అంటే చేపలమ్ముకునేవాడి పేరులా ఉంది, ఎవడు కొంటాడు, విదేశీ పేరు కొట్టు అన్నాడు. నేనేం పేరు కొట్టను? దీనికి శాంపిల్ లేదాయె. ఇల్లంతా వెతికితే ఇదొక్కటే దొరికింది." అటకమీంచి ఒక పచ్చటి డబ్బా దింపాడు. వాళ్ళ మరదలు ఇటలీలో ఇంటిపనికి వెళ్ళి పంపించిన ఆలివ్ నూనె. "ఇందులో పేరేదో నాకేం తెలుసు? పెద్దక్షరాలున్నది కొట్టాను. ఇక్కడ ఇటలీ అని ఉందని కాడ్యో చూపించాడు, అదీ కొట్టాను. బాగా వచ్చింది పరే, ఒక్క గీత కూడా వంకర పోలేదు."

తీక్యో డబ్బా పట్టుకుని ఇంటికొచ్చి తెపింగ్ ముందు పెట్టాడు. ఆవిడ నాలుగు ముక్కలు చదువుకున్నది. కూడబలుక్కుని చదివింది. "ఎక్స్‌ట్రా వర్జిన్. మేడ్ ఇన్ ఇటలీ."

గరిటె పట్టుకుని లేచింది. "వర్జినా? కన్యమేరీ తల్లి పేరు తుపాకీమీద కొట్టార్రా, పాపిష్టి వెధవల్లారా! పైగా ఎక్స్‌ట్రానా? మేరీ తల్లిని మించిన కన్య ఎవర్తిరా?" వీధిలో నిలబడి లార్యో ఇంటివైపు తిరిగి ఒక గంటసేపు కడిగేసింది.

తీక్యోకి కోపమొస్తే అరిచే అలవాటు లేదు. ఆకురాయి పట్టుకునేవాడు. ఏది దొరికితే అది రాసేసేవాడు. ఆ వారంలో ఇంట్లో చెంచాలన్నీ సూదులయ్యాయి.

మనీలానుంచి వచ్చాక కాడ్యోని అడిగితే, "అమ్ముడైపోయింది నొంగ్, కొన్నవాడెవడో మొహం కూడా గుర్తులేదు" అన్నాడు, కోడి మెడ నిమురుతూ. నిజం వానలు వెనకబట్టాక తెలిసింది. వాగు అవతల నెమెస్యో అనే కుర్ర పనివాడి పాకలో పొయ్యిచుట్టూ చేపలు ఆరేసినట్టు తీక్యో తుపాకులు. ఒకటి కాదు, వరసకి వరస. కాడ్యో ఆ తుపాకీని ఇటలీ శాంపిల్ అని చెప్పి వాళ్ళకి ఇచ్చాడు. అసలువాడిని అడగాల్సిన అవసరం లేకుండా పోయింది.

"ఏంట్రా ఇవి?" అన్నాడు తీక్యో గుమ్మంలోంచి.

"కొత్త మోడల్ నొంగ్. బిర్‌హెన్ అంటున్నారు, వర్జిన్‌కి మన మాట, మేరీ తల్లి పేరు. ఇటలీది." నెమెస్యో ఒకటి విప్పి చూపించాడు. "లోపల చూడండి, చుట్లు చుట్లుగా ఎలా దిగుతున్నాయో. ఏం బుర్ర నొంగ్ వాళ్ళది! మనవాళ్ళకి ఏడు జన్మలెత్తినా తట్టదు."

తీక్యో చెవులు ఎర్రబడ్డాయి. "అది నాకే తట్టిందిరా. మన గోపురం మెట్లు అవి."

"మీదా?" నెమెస్యో పక్కవాళ్ళని చూశాడు. "మరి దీనిమీద ఇటలీ అని ఉందేం?"

"అది నూనెడబ్బారా!"

అంతే. పాక కూలిపోయేలా నవ్వారు. నూనెడబ్బా అంట! ఒకడు నేలమీద పడి దొర్లాడు. ఆ రోజునుంచి వాడి పేరు నొంగ్ నూనె అయిపోయింది. సంతలో ఆడవాళ్ళు కూడా, "నొంగ్ నూనె, మా ఆయన తలకి కొంచెం పొయ్యవా" అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా అబద్ధం పేర్లు కొట్టి బతికిన ఊరు, తన సొంత అబద్ధాన్ని తనే నమ్మింది. నమ్మి, నిజం చెప్పినవాడిని చూసి నవ్వింది. నాకు ఇప్పటికీ ఇది తలచుకుంటే కడుపు రగిలిపోతుంది.

తీక్యో ఊరుకోలేదు. కాడ్యో ఇంటికి వెళ్ళాడు, లేడన్నారు. మళ్ళీ వెళ్ళాడు, నిద్రపోతున్నాడన్నారు. ఇక ఆదివారం కోళ్ళపందేల బరి దగ్గరికే పోయాడు. ఆదివారం కాడ్యో ఎక్కడికీ దాక్కోలేడు, కోడిని వదిలి ఉండలేడు కనక.

బరి వెనక టార్పాలిన్ కింద కాడ్యో, పక్కన మండావే నుంచి వచ్చిన లారీల ఆసామి. ఆసామి బొడ్లో బిర్‌హెన్. ఏదో సణుగుతున్నాడు. "అంతా బానే ఉంది గానీ కాడ్యో, పిడిమీద ఈ బొడిపె ఏంటయ్యా? నా ఉంగరపు వేలు నలిగి చస్తోంది."

"అది ఇటలీ సుఖం సార్. వాళ్ళు బొమ్మలు గీసి, లెక్కలేసి పెడతారు. అలవాటు పడాలి."

తీక్యో మధ్యలోకి దూరాడు. "అది ఇలా ఇవ్వండి."

"ఎవడు వీడు?"

"నొంగ్ నూనె!" అని ఎవడో వెనకనుంచి. నవ్వులు.

"తూటాలు తీసేసి ఇవ్వండి. భయపడకండి, మిమ్మల్ని కాల్చను. కాల్చాలంటే మొదట కాడ్యోనే కాలుస్తాను."

ఆసామికి అదేదో వినోదంలా అనిపించి ఖాళీ చేసి ఇచ్చాడు. తీక్యో దాన్ని ఎడంచేత్తో పట్టుకున్నాడు. లేని వేలు ఉండాల్సిన చోట ఆ బొడిపె వచ్చి అచ్చుగుద్దినట్టు కూర్చుంది. చెయ్యి పైకెత్తి, అందరికీ కనపడేలా గుండ్రంగా తిరిగాడు.

"ఇటలీలో ఎంతమందికిరా ఈ వేలు లేదు?"

నవ్వులు ఆగిపోయాయి. నెమెస్యో గుంపులోంచి వచ్చి, ఆ చేతిని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. వాడి మొహం కందగడ్డయింది. "ఆ బొడిపె చెక్కడానికే మా ప్రాణాలు పోయాయి నొంగ్" అన్నాడు చిన్నగా. "సరిగ్గా రాలేదని నాలుగు పిడులు పొయ్యిలో పెట్టాను."

అప్పుడు మళ్ళీ నవ్వారు, ఈసారి కాడ్యోని చూసి. ఆసామి తన వేలు చూపించి "ఇటలీ సుఖమా, ఇటలీ సుఖమా" అని కాడ్యో వీపు వాయించాడు. కాడ్యో బంగారుపన్ను లోపలికి దాచుకున్నాడు.

"సరే నొంగ్. మీదే. ఈసారినుంచి మీ పేరే కొట్టిద్దాం. లార్యో, విన్నావుగా? సోమవారం మొదలెట్టు."

లార్యో కళ్ళొత్తుకుంటున్నాడు. "సిగరెట్టు అట్ట దాచే ఉంచాను పరే" అన్నాడు.

తీక్యో ఆ మధ్యాహ్నం మొక్కజొన్న అన్నంలోకి వేయించిన ఎండుచేపలు, గినమోస్ అనే ఊరవేసిన చేపలపచ్చడి నంజుకుంటూ మూడుసార్లు పెట్టించుకుని తిన్నాడు. తెపింగ్ పెదవి విరుస్తూనే వడ్డించింది. మేరీ తల్లి పేరు పోతోంది, అంతవరకూ నయమనుకుంది.

సోమవారం పొద్దున్న తీక్యో లార్యో ఇంటికి బయల్దేరుతుంటే పక్కింటి రేడియోలో వార్త. సిటీకి పోయే బస్సు లిలోవన్ దగ్గర దోచారు. దొంగ ఒక్కడే ఎక్కాడు. కాల్చడం మొదలుపెట్టాడు. బస్సులో ఉన్న ఒకావిడ ఏడుస్తూ చెప్తోంది. "అందరం సీట్లకింద దూరాం. అయిపోతాయి, ఇప్పుడయిపోతాయి అనుకున్నాం. ఎంతసేపని ఉంటాయి ఎవడి దగ్గరైనా? కండక్టర్ కుర్రాడు, ఇంక అయిపోయుంటాయని, వాణ్ణి పట్టుకోవడానికి లేచాడు. అయిపోలేదు."

ఆ తర్వాత ఎవడో అధికారి, తుపాకీ ఇటలీదని, విదేశీ ముఠాల హస్తం ఉందని చెప్పాడు.

తీక్యో గుమ్మంలో అలాగే నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది, పెట్టుకోలేదు, గోడకి తగిలించలేదు.

మధ్యాహ్నానికి కాడ్యో పరుగున వచ్చాడు, మొహం వెలిగిపోతూ. "విన్నారా నొంగ్? ఆ నూనెడబ్బా మనందర్నీ కాపాడింది! అదే మీ పేరు కొట్టి ఉంటే ఈపాటికి మీరు లోపల, మీ వెనక నేను. దేవుడున్నాడు నొంగ్. పేరు సంగతి మర్చిపోదాం, ఏం?"

జీవితంలో ఎప్పుడూ అరవని మనిషి ఆ రోజు అరిచిన అరుపుకి వాగు అవతల కుక్కలు లేచాయి. "దేవుణ్ణి తీసుకురాకురా నోటికి! అయిపోలేదురా! విన్నావా, వాడు లేచాడు, అయిపోలేదు! నడువు బయటికి! మళ్ళీ ఈ గుమ్మం తొక్కావో, నీ కోడి మెడా నీ మెడా కలిపి విరుస్తాను!" కాడ్యో చెప్పులు వదిలేసి పారిపోయాడు.

తెపింగ్ పొయ్యిదగ్గరే కూర్చుని ఉంది. ఆవిడ కోపం వేరే రకం, చల్లటిది. "వాడిమీద ఎందుకు అరుస్తావు? నిన్న నువ్వేగా అంది, నాదీ నాదీ అని. కోళ్ళబరిలో తాగుబోతుల ముందు ఎత్తావుగా చెయ్యి. వెళ్ళి ఆ పిల్లాడి తల్లి ముందు ఎత్తు."

"నేను కాల్చలేదే."

"నువ్వు కాల్చలేదు. అయిపోకుండా చేశావు. వాగులో గంతులేశావు, గుర్తులేదా?"

తీక్యో ఆకురాయి కోసం చెయ్యి చాపాడు. తెపింగ్ దాన్ని లాగి పెరట్లోకి విసిరేసింది. "చెంచాలు మిగల్లేదు రాయడానికి. వెళ్తావా, లేదా?"

"వెళ్తాను" అన్నాడు.

ముందు లార్యో దగ్గరికి పోయి, "నా పేరు కొట్టకు. నూనె పేరూ కొట్టకు. ఆ తుపాకీకి ఏ పేరూ కొట్టకు" అన్నాడు. లార్యో సరేనన్నాడు, తీక్యోకి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కూడా. అయితే ఏం, నెమెస్యో వేరే చెక్కేవాణ్ణి చూసుకున్నాడు. బొడిపె మాత్రం తీసేశారు. ఇప్పుడు అందరి వేళ్ళకీ హాయిగా ఉంది.

తెపింగ్ కొబ్బరాకు బుట్టల్లో అన్నం వండి, ఎండుచేపలు కట్టి, చర్చిలో వెలిగించే కొవ్వొత్తులు పెట్టి సంచీ చేతికిచ్చింది. తీక్యో గడ్డం గీసుకుని, చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని బస్సెక్కాడు. కండక్టర్ వచ్చాడు, మీసాలింకా సరిగ్గా రాని కుర్రాడు, చెవి వెనక పెన్సిలు.

"ఎక్కడికి నొంగ్?"

లిలోవన్ అనాలి. నోరు తెరిచాడు. ఆ కుర్రాడు నవ్వుమొహంతో నిలబడి ఉన్నాడు.

"కంపోస్తేలా" అన్నాడు. లిలోవన్‌కి ముందు ఊరు అది. అక్కడ దిగి, చర్చి మెట్లమీద కూర్చుని, ఆ సంచీ ఒక ముష్టివాడికిచ్చి ఇంటికొచ్చాడు. తెపింగ్ మొహం చూసి అన్నం వడ్డించింది. సమాధుల పండగ అయ్యాక మళ్ళీ సంచీ కట్టింది. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ కంపోస్తేలాలోనే దిగాడు. తుపాకుల పని మానేశాడు, కల్లుగీసే కత్తులు చేసేవాడు. తెపింగ్ సంచీ కట్టడం మానలేదు, తీక్యో బస్సెక్కడం మానలేదు. ఆ బస్సుల కుర్రాళ్ళు వాణ్ణి చూడగానే అడక్కుండానే కంపోస్తేలా టికెట్ చింపేవాళ్ళు.

ఇనపరజను ఊపిరితిత్తుల్లో చేరితే ఊరుకోదు. ఉపవాసాల రోజుల్లో దగ్గు మొదలై, ఈస్టరుకి మంచంపట్టి, వానలు పడకముందే పోయాడు. పోయేముందు తెపింగ్‌తో, "ఈసారి ఏదో ఒకటి అనేస్తాను. లిలోవన్ అనేస్తాను. సంచీ కట్టి ఉంచు" అన్నాడు.

ఆ తల్లి పేరు ఎంకార్నా. లిలోవన్ బజార్లో చేపల వరసలో కూర్చుంటుంది. ఇప్పటికీ ఎవరైనా కొడుకు సంగతి ఎత్తితే, చేతిలో ఉన్న చేపని బల్లమీద కొట్టి ఇటలీవాళ్ళని తిడుతుంది.